గుడ్లు చూసే కంటికి ఏడు ముసుగులు

మా ఆవిడ నా లంచ్ బాక్సు కట్టే పద్ధతి మీద ముందుగా ఒక ఫిర్యాదు నమోదు చేసుకోవాలి. పప్పు గిన్నెకు స్టీలు మూత, మూత మీద ఫాయిల్, ఫాయిల్ మీద ప్లాస్టిక్ కవరు, కవరుకు రబ్బరు బ్యాండు, మొత్తానికి కలిపి ఒక గుడ్డ సంచీ, ఆ సంచీకి ముడి. ఎప్పుడో ఒకసారి కారులో పులుసు ఒలికింది. ఒలికింది ఒక్కసారే, శిక్ష మాత్రం యావజ్జీవం. ఇవన్నీ విప్పుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి లంచ్ టైము అయిపోతుంది. ఈ మాట ఆవిడతో అంటే, "ఒలకలేదు కదా?" అంటుంది. ఒలకలేదు. అందుకే ఫిర్యాదు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట, చలి వెళ్ళి దుమ్ము మొదలయ్యే రోజులు. కువైట్‌లో నాకది పదకొండో ఏడు. యంత్రాలు తెప్పించి, బిగించి, తర్వాత వాటి బాగోగులు చూసే ఒక మధ్యరకం కంపెనీలో నేను డాక్యుమెంట్ కంట్రోలర్ని. అదేం ఉద్యోగమని విజయవాడలో మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. కంపెనీలో పుట్టే ప్రతి కాగితానికీ ఒక నంబరు ఇవ్వాలి. అది మారినప్పుడల్లా రివిజన్ నంబరు పెంచాలి. పాత కాపీలన్నీ వెనక్కి తెప్పించి, 'సూపర్‌సీడెడ్', అంటే 'దీని కాలం చెల్లింది', అని ఎర్ర ముద్ర కొట్టాలి. కాగితాలకు పురుడూ నేనే పోస్తాను, దినవారాలూ నేనే చేస్తాను.

కబ్ద్ వైపు ఎడారిలో మాకొక కోళ్ళ ఫారం కస్టమరుగా ఉండేది. దాని యజమాని కువైటీ పెద్దాయన, అందరూ అబూ నాసర్ అనేవారు. ఆయన పోలండ్ నుంచి గుడ్లు ఏరే యంత్రం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెప్పించి, దాని బాగోగులు మాకు అప్పజెప్పాడు. గుడ్లు రోలర్ల మీద దొర్లుకుంటూ ఒక దీపం ముందుగా పోతాయి. దీపానికి ఎదురుగా ఒక ఆప్టికల్ సెన్సర్. మేం దాన్ని 'కన్ను' అనేవాళ్ళం. గుడ్డులోంచి వెలుతురు ఎలా వస్తోందో చూసి, తేడా కనిపించినదాన్ని పక్క తొట్టిలోకి తోసేస్తుంది. నిజాయితీగల కన్ను. దాని మాన్యువల్ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పోలిష్‌లో ఉంది.

దాన్ని కంప్యూటర్లో వేసి ఇంగ్లీషు చేసి, ఆ ఇంగ్లీషును మనుషులు చదివేలా దిద్ది, యంత్రాన్ని కడిగే పనికి ఒక పేజీ చెక్‌లిస్ట్ తయారుచెయ్యమని మా మేనేజర్ మాధవరెడ్డి గారు నాకు అప్పజెప్పారు. ఆయనది కరీంనగర్ వైపు. కాగితాలు చదివే అలవాటు లేదు, అందుకోసమే నన్ను పెట్టుకున్నారు.

"నువ్వు ఇంగ్లీష్ ఎం.ఏ.వి గదా? జర మంచిగ రాయి," అన్నారు.

మంచిగానే రాశాను. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ మాన్యువల్ రాసిన పోలండు పెద్దమనిషి ఎవరో గాని, ఊరికి పోయేవాడికి జాగ్రత్తలు చెప్పే నాయనమ్మ లాంటివాడు. బెల్టు కడిగేముందు కన్ను మూసి ఉంచు. రోలర్లు కడిగేముందు కన్ను మూసి ఉంచు. గాలి కొట్టేముందు కన్ను మూసి ఉంచు. ఇలా కడిగే పనిలో ఏడు మెట్లుంటే ఏడింటి మొదట్లోనూ అదే హెచ్చరిక, అదే క్రియ. 'జస్వోనిచ్' అని పలకాలట. ఆ మాట మీద నాకు కుతూహలం కలిగి ఆన్‌లైన్ నిఘంటువు తెరిచాను. ఒక్క పోలిష్ మాటకు ఎదురుగా ఇంగ్లీషు మాటలు పెళ్ళి భోజనాల బంతిలా వరసగా కూర్చుని ఉన్నాయి. కవర్, హైడ్, కన్సీల్, షేడ్, స్క్రీన్, వీల్, షీల్డ్. కప్పడం, దాచడం, కనబడకుండా చేయడం, నీడ పట్టడం, తెర కట్టడం, ముసుగు వేయడం, డాలు అడ్డం పెట్టడం.

కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారు ఒక సూత్రం నూరిపోశారు. ఒకే పేజీలో ఒకే మాట రెండుసార్లు రాయడం, ఒకే చీర వరసగా రెండు పెళ్ళిళ్ళకు కట్టుకెళ్ళడం లాంటిదని. క్లాసులో ఆడపిల్లలు కూడా ఒప్పుకున్న సూత్రం అది. ఇరవై ఏళ్ళుగా దాన్ని వాడే అవకాశం నాకు దొరకలేదు. ఇక్కడ ఏడు మెట్లు, ఏడు మాటలు. లెక్క సరిపోయింది. ఒక్కో మెట్టుకు ఒక్కో మాట తొడిగాను. చివర ఎనిమిదో లైను, 'కడగడం అయ్యాక కవర్ తీసెయ్యి'. అప్పటికి పేజీ అయిపోయింది. రివిజన్ సున్నా అని నంబరిచ్చి, రెండు కాపీలు తీసి, ఒకటి నా సొరుగులో పెట్టుకుని, రెండోది కబ్ద్‌కు పంపించాను. ఆ సాయంత్రం ఇంట్లో కాస్త ఎక్కువే మాట్లాడానని మా ఆవిడ అంటుంది.

కబ్ద్‌లో ఆ కాగితం అందుకున్న మనిషి ఓబులేసు. మా కంపెనీ ఫోర్‌మన్, రాయచోటి దగ్గర పల్లె, యాభై దాటినవాడు. యంత్రం చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగలడు. అంతకు ఆరు నెలల ముందు జహ్రా దగ్గర ఒక పనిలో, అవసరం లేదనిపించి చెక్‌లిస్టులో ఒక లైను వదిలేశాడు. యంత్రానికి ఏమీ కాలేదు. కానీ ఆడిట్‌కు వచ్చినవాళ్ళకు టిక్కు లేని గడి దొరికింది. అప్పుడు వార్నింగ్ లెటర్ టైపు చేసింది నేను. చేతికిచ్చింది నేను. పైగా ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"ఓబులేసూ, కాగితంలో ఎన్ని లైన్లుంటే అన్ని పనులు చెయ్యి. లేనిది చెయ్యకు. బుర్ర వాడకు, లైను వాడు."

"సరే సార్," అన్నాడు.

నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి నా సర్వీసులో ఇంకొకడు లేడు.

గురువారం యంత్రం కడిగారు. శనివారం పొద్దున నడిపారు. తొమ్మిదింటికల్లా మాధవరెడ్డి గారికి ఫోను. ఆయన కారులో నేనూ ఎక్కాను. మేం వెళ్ళేసరికి షెడ్డు బయట జమియాలకు, అంటే సహకార దుకాణాలకు, వెళ్ళాల్సిన లారీ ఖాళీగా నిలబడి ఉంది. షెడ్డు లోపల నేల పచ్చగా ఉంది. యంత్రం పొద్దున్నుంచీ వచ్చిన ప్రతి గుడ్డునూ పరీక్షలో ఫెయిల్ చేసింది. అన్నిటినీ ఒకే తొట్టిలోకి తోసింది. తొట్టి నిండింది. తోయడం ఆపమని దానికెవరూ చెప్పలేదు. మిగతాది ఊహించుకోవచ్చు. బూట్లు ఉన్నవాళ్ళం గుమ్మం దగ్గరే ఆగాం.

ఆ పచ్చదనం మధ్యలో ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన, కన్ను ఉండాల్సిన చోట, ఒక జింకు రేకు మెరుస్తోంది.

"ఏందయ్యా ఇది?" అన్నారు మాధవరెడ్డి గారు.

"కన్ను సార్."

"కన్ను ఏడున్నది?"

"లోపల ఉండాది సార్. బద్రంగా ఉండాది."

"కడిగినంక కవర్ తియ్యలే?"

"తీసినా సార్. ఇదో." యంత్రం పక్కన గొలుసుకు ఒక నల్ల రబ్బరు టోపీ వేలాడుతోంది. చూపించాడు. కంటి మీద తొడగడానికి పోలండువాళ్ళు ఇచ్చిన టోపీ అది.

"మరి ఇవన్నేంది?"

"ఇవి కవర్లు కాదు గదా సార్." ఓబులేసు రేకు విప్పి, ఉల్లిపాయ ఒలిచినట్టు ఒక్కొక్కటే చూపించాడు. "ఈ అట్టపెట్టె హైడు. దాని సుట్టూ టేపు కన్సీలు. ఈ పచ్చవల షేడు, టమాటా షెడ్డు కాన్నించి తెచ్చినా. ఇది స్క్రీను, కిటికీ తెర. ఇది వీలు, వంట సేసే శ్రీలంకామెను అడుక్కోని పాత చున్నీ తెచ్చినా. రేకు షీల్డు. దానికోసరం అమ్ఘరా దాకా పోయి పాత సామాన్లలో ఏరుకొచ్చినాం సార్, సైజు కుదిరేదానికి సగం దినం పట్టింది."

"ఇన్నిట్ల లోపలున్న టోపీ ఎట్ల తీసినవ్?"

"అట్టపెట్టెకు అడుగున కంత పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి తీసినా. మళ్ళా టేపేసినా సార్. తక్కినవి తీయమని పేపర్లో ల్యా."

మాధవరెడ్డి గారు "పేపర్ల లేకపోతే? నీకు బుర్ర లేదా?" అని అరిచారు.

ఓబులేసు నావైపు చూశాడు. అతని చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన నా చెక్‌లిస్టు ఉంది, ఎనిమిది టిక్కులతో. నేను గుడ్లవైపు చూశాను.

యంత్రం మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అడగడానికి మాధవరెడ్డి గారు పోలండుకు వీడియో కాల్ చేశారు. దాన్ని బిగించి వెళ్ళిన మారెక్ అనే మెకానిక్ తెరమీదకు వచ్చాడు. నేలమీది అట్టపెట్టె, వల, తెర, చున్నీ, రేకు, అన్నిటినీ ఫోనులో తిప్పి చూపించాం. అతను వాటిని తన భాషలో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో "ఎందుకు?" అన్నాడు.

ఫోను ఒక్క నిమిషం తీసుకుని, మాన్యువల్‌లో ఆ మాట ఎన్ని రకాల పనులకు వాడతారని గొంతు తగ్గించి అడిగాను.

"ఒక మాట. ఒక టోపీ. గొలుసుకు కట్టింది," అన్నాడు మారెక్. "ఎవరూ ఆలోచించక్కర్లేకుండా."

అంతలో అబూ నాసర్ వచ్చాడు. పాదాల దాకా ఉండే తెల్లంగీ, దిష్‌దాషా, అంచు రెండు చేతులా ఎత్తి పట్టుకుని షెడ్డంతా ఒక చుట్టు చూశాడు. కేకలు వేయలేదు. చున్నీని మాత్రం కాసేపు పరిశీలించాడు. ఓబులేసును చూపించి, "ఖలాస్. ఇతను వద్దు. ఇంటికి పంపు," అన్నాడు.

పంపడం చాలా తేలిక. ఓబులేసు ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, ఇంకో పది రోజుల్లో అయిపోతుంది. కంపెనీ రెన్యువల్ కాగితం పెట్టకపోతే చాలు. ఆ కాగితానికి నంబరిచ్చేది కూడా నేనే. తిరుగు ప్రయాణంలో మాధవరెడ్డి గారు, "అది పెట్టకు," అన్నారు. కాసేపాగి, "ఆ చెక్‌లిస్టుల ఏమన్న లొల్లి ఉంటే సరి చెయ్యి," అన్నారు.

"చూస్తాను సార్," అన్నాను. పదకొండేళ్ళలో నేను ఇంత పొదుపుగా మాట్లాడింది అప్పుడే.

మర్నాడు రివిజన్ ఒకటి తయారుచేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఏడు చోట్లా 'కవర్'. ఇక పద్ధతి ప్రకారం పాత కాపీలు వెనక్కి తెచ్చుకోవాలి. ఉన్నవి రెండే. నా సొరుగులో ఉన్నది చింపేసి, ఓబులేసు దగ్గరున్నది తెచ్చుకుని ఎర్ర ముద్ర కొట్టి ష్రెడ్డర్‌లో వేస్తే, అంతా రూలు ప్రకారమే జరిగినట్టు. మా కాగితాల్లో ఏడు చోట్ల 'కవర్' అనే ఉంటుంది. చున్నీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక ఎవరికీ అర్థం కాదు. ఓబులేసు ఏడు కప్పాడు. ఎనిమిదోది నేను కప్పబోతున్నాను, అతని మీద.

ఆ సాయంత్రం కబ్ద్ వెళ్ళాను. ఓబులేసు తన పోర్టా క్యాబిన్‌లో పెట్టె సర్దుకుంటున్నాడు. నన్ను చూసి లేచి టీ పెట్టాడు.

"ఓబులేసూ, ఆ పాత చెక్‌లిస్ట్ ఇవ్వాలి. కొత్తది వచ్చింది. రూలు."

"ఇస్తా సార్." గోడకు తగిలించిన చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. ఇవ్వబోయి ఆగాడు. "సార్, తప్పుగా అనుకోవద్దండి. ఇది గూడా మీరు తీస్కపోతే, నేనే పిచ్చెక్కి సేసినట్టు ఉంటాది గదా?"

నేను టీ తాగాను. చాలా వేడిగా ఉంది, అయినా తాగాను.

"నిజం సెప్పాలంటే సార్, నా కూతురు సునీత ముందే సెప్పింది. డిగ్రీ సదువుతాంది రాయచోట్లో. పేపరు ఫోటో తీసి పంపిచ్చినా, ఈ మాటలకు అర్తాలు సెప్పు పాపా అని. నాయనా, ఇవన్నీ ఒకటే పని, యేదో ఒకటి కప్పితే సాలు అనింది."

"మరి?"

"నేనే తిట్టినా సార్. సార్ ఎం.ఏ. సదివినాడు, ఏడు రాసినాడంటే ఏడుంటాయి, నీకు తెల్దు ఊరుకో అన్యా." కాగితం నా చేతిలో పెట్టాడు. "తీస్కోండి సార్. రూలు గదా."

కబ్ద్ నుంచి ఆఫీసుకు ముప్పావు గంట. పక్క సీట్లో ఆ కాగితం కూర్చుని ఉంది. ఎనిమిది టిక్కులూ ఒకే సైజులో, ఒకే వాలులో, స్కూలు పిల్లాడి కాపీ పుస్తకంలా ఉన్నాయి. నేను రాసినవాటిలో ఇంత పూర్తిగా అమలైనది ఇంకొకటి లేదు. దాన్ని చింపబుద్ధి కాలేదు. ధైర్యం చేశానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గాని, అప్పుడు నాలో ఉన్నదాంట్లో సగం ధైర్యం, సగం రచయిత మమకారం.

సోమవారం పొద్దున అబూ నాసర్ మా ఆఫీసుకే వచ్చాడు. ఆయనకు గావా, అంటే అరబ్బీ కాఫీ, పోసి, మాధవరెడ్డి గారి బల్లమీద పోలిష్ పేజీనీ ఎనిమిది టిక్కుల కాగితాన్నీ పక్కపక్కన పెట్టాను. పోలిష్‌లో ఉన్నది ఒక మాట. నేను రాసినవి ఏడు. బుర్ర వాడొద్దని ఓబులేసుకు చెప్పింది కూడా నేనే. కూతురు సరిగ్గా చెప్పినా, నా చదువు మీద గౌరవంతో అతను వినలేదు. ఇదంతా చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. మాధవరెడ్డి గారు జీవితంలో మొదటిసారి ఒక చెక్‌లిస్టును పైనుంచి కిందిదాకా చదివారు.

"వీల్ అని ఎందుకు రాసినవయ్యా? యంత్రానికి?"

"రిపీట్ కాకూడదని సార్."

"గుడ్లు రిపీటయితయి. రోలర్లు రిపీటయితయి. గా మాటొక్కటి కావొద్దా?"

అబూ నాసర్‌కు అరబ్బీలో మళ్ళీ చెప్పాను. ఏడు మాటలకూ అరబ్బీలో అర్థాలు అడిగాడు. చెప్పుకుంటూ పోయాను. నాలుగోదాని దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"నీకు ఏడుగురు కొడుకులుంటే ఏడు పేర్లు పెట్టు. గుడ్లకు పెట్టకు," అన్నాడు. గావా పూర్తిగా తాగి, ఆ చిన్న కప్పు, ఫింజాను, అటూ ఇటూ ఊపి, ఇక చాలని నాకిచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ ముసలతన్ని ఉండనీ. రేకు బాగా కత్తిరించాడు. నా షెడ్డు కిటికీకి పనికొచ్చింది," అన్నాడు.

ఓబులేసు రెన్యువల్ కాగితానికి ఆ మధ్యాహ్నమే నంబరిచ్చాను. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. కంపెనీలో పుట్టే ప్రతి కాగితమూ నా చేతుల మీదుగానే పోవాలి కాబట్టి, దానికీ నేనే నంబరిచ్చి, రివిజన్ సున్నా అని వేసి, నా ఫైల్లో పెట్టుకున్నాను. ఇంగ్లీషు బాగుంది. ఒక్క తప్పూ లేదు. 'నిర్లక్ష్యం' అన్న మాట మూడుసార్లు వచ్చింది. మార్చలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే. పని చెప్పే కాగితానికి అందం అక్కర్లేదు. ఒక వస్తువుకు ఒక పేరు, ఒక పనికి ఒక మాట. పదిసార్లు వస్తే పదిసార్లూ అదే మాట సిగ్గుపడకుండా రాయాలి. చదివేవాడికి విసుగు పుడితే పుట్టనీ. విసుగుతో ఎవరూ అమ్ఘరా దాకా పోయి రేకు తేరు. ఇంకోటి కూడా ఉంది. బుర్ర వాడొద్దని ఎవరికైనా చెప్పేముందు, మన బుర్ర ఇద్దరికీ సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఇవి రెండూ కొత్తగా చేరినవాళ్ళకు ఇప్పుడు నేను చెప్తుంటాను. ఎం.ఏ. సంగతి చెప్పను.

ఆ గురువారం కొత్త చెక్‌లిస్ట్ ఇవ్వడానికి కబ్ద్ వెళ్ళాను. ఓబులేసు వేలు పెట్టి చదివాడు. కవర్, కవర్, కవర్. ఏడు వరకూ వెళ్ళి తలెత్తాడు. గొలుసుకు వేలాడే నల్ల టోపీని చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఇంతేనా సార్?"

"ఇంతే. తప్పు నాదని ఆఫీసులో చెప్పాను. నీ ఇఖామాకు ఢోకా లేదు," అన్నాను. కృతజ్ఞతలు ఎలా వద్దనాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను.

అతను మొహమంతా నవ్వై, ముందు ఇంటికి చెప్పాలన్నాడు. ఫోను తీసి కూతురికి కలిపాడు. చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టి యంత్రం మీద ఆనించాడు. ఇఖామా అవుతుందని చెప్పాడు. నువ్వు చెప్పిందే కరెక్టు పాపా, అన్నీ ఒకటేనంట, సార్ ఒప్పుకున్యాడు అని చెప్పాడు. సార్ పక్కనే ఉన్నాడని మాత్రం చెప్పలేదు.

అవతలినుంచి ఆ పిల్ల గొంతు షెడ్డంతా వినపడేలా అడిగింది.

"నాయనా, ఆ సార్ నీకు పని చెప్పినాడా, ల్యాకపోతే తనకెంత ఇంగ్లీషు వచ్చో చెప్పినాడా?"